గురువారం కుర్చీ

బెజవాడ బందరు రోడ్డు హోటల్లో రెండు రోజుల సభ.
ఏసీ చలికి పమిట భుజాల నిండా కప్పుకుని
చెవిలో పెట్టిన యంత్రంలోంచి ఏడు దేశాల మాటలు విన్నాను.
మా జైలుకు ప్రహరీ లేదు, చుట్టూ నీళ్లేనన్నాడు ఒకాయన.
తప్పు చేసినవాణ్ణీ దెబ్బ తిన్నవాణ్ణీ
ఒకే చాప మీద కూర్చోబెడతామంది ఒకావిడ.
జపాను నుంచి వచ్చిన ముసలమ్మ మాత్రం
తెర మీద బొమ్మలేమీ చూపించలేదు.
"నెలకు రెండుసార్లు మా ఇంటికొస్తాడు. టీ పోస్తాను"
అని దిగిపోయింది.
చప్పట్లు సగమే పడ్డాయి.
నా నోటుపుస్తకంలో ఆ పేజీ మడత పెట్టాను.

తిరుగు బస్సు మంగళగిరి దాటేసరికి
ఆ టీ నా గొంతులోనే చల్లారిపోయింది.
మా ఇంటికెలా పిలవను?
మావారి మొహం, పై వాటా ఆవిడ మొహం,
జైలుపక్షులొచ్చే ఇల్లని గుర్తు చెప్పే వీధి.
కనుక ఇల్లు కాదు.
ఆఫీసే.

గుంటూరులో, పాత భవనం కిందంతస్తులో
నాకో కుర్చీ, ఫైళ్లకో కుర్చీ.
పదకొండేళ్లుగా వచ్చినవాళ్లంతా
నిలబడే సంతకం పెట్టి వెళ్లారు.
నాకది కనబడనే లేదు.
ఫైళ్లను నేల మీదికి దింపాను.

త్రికోటి వచ్చాడు.
గురువారం గురువారం సంతకం షరతు మీద
ఏడాది ముందే బయటపడ్డవాడు.
మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడు.
ఓ ఏప్రిల్ మధ్యాహ్నం కూలి లెక్కలో పేచీ వచ్చి,
చేతిలో కొక్కెం ఉండగా,
బాజీ అనే అతని కుడిచేతి వేళ్లు రెండు పోయాయి.
ఫైల్లో ఇలాగే ఉంది, అవంతట అవే పోయినట్టు.
చదివి వినిపిస్తే త్రికోటి దిద్దాడు:
"పోలేదమ్మా. నేను తీశాను."

కూర్చోమన్నాను. గోడ వంక చూశాడు.
మొదటి వారం టీ మీద మీగడ కట్టింది.
రెండో వారం నిలబడే తాగాడు.
మూడో వారం కుర్చీ అంచున కూర్చున్నాడు,
బస్సులో ఆడవాళ్ల సీటులో కూర్చున్న మగాడిలా,
ఎప్పుడు లేపుతారోనని.
ఆ తర్వాత నోరు విప్పాడు:
"దీని కాలు ఊగుతోందమ్మా.
రాజమండ్రిలో వడ్రంగం నేర్పారు. ఉలి తెచ్చుకోనా?"

ఉలి.
నా లోపల ఎవరో ఒక అడుగు వెనక్కేశారు.
అది వాడు చూశాడు.
చూశాడని నేనూ చూశాను.
తెచ్చుకో అనడానికి ఇంకో గురువారం పట్టింది.

చాప సంగతీ ప్రయత్నించకపోలేదు.
బాజీ ఇప్పుడు కాటా దగ్గర చీటీలు రాస్తాడు, ఎడంచేత్తో,
చిన్నపిల్లల అక్షరాలు.
"ఒకే చాపా?" అని నవ్వాడు.
"ఆ దేశాలోళ్లకి వేళ్లన్నీ ఉన్నట్టున్నాయి మేడం."
రెండు బస్తాలు తూకమయ్యాక తలెత్తకుండా అన్నాడు:
"పని చేసుకోమనండి. నేను అడ్డుపడను.
ఒకటో గేటులోంచి రమ్మనండి.
మూడో గేటు నాది."

క్షమాపణ లేదు, కావిలింత లేదు.
రోజూ తెల్లారుజామున త్రికోటి
లారీల వరస చుట్టూ అర కిలోమీటరు ఎక్కువ నడుస్తాడు.
ఎండ ఎక్కాక కోరు లేస్తుంది.
ఇద్దరూ తుమ్ముతారు,
ఒకరి తుమ్ము ఒకరికి వినబడనంత దూరంలో.

పైకి పంపే నివేదికలో గడులున్నాయి:
ఉపాధి, ప్రవర్తన, మళ్లీ నేరం.
గేటుకు గడి లేదు.
ఇతర వివరాల కింద ఇరికించి రాశాను,
చివరి మాట మార్జిన్లోకి ఎక్కింది.

ముసలమ్మకు ఉత్తరం రాయాలని ఉంది.
అడ్రసు తీసుకోలేదు.
తీసుకునుంటే ఇలా రాసేదాన్ని:
అమ్మా, మా టీలో చక్కెర ఎక్కువ.
కుర్చీ ఇప్పుడు ఊగడం లేదు.
మా ఇంటి సంగతి మాత్రం
ఇప్పుడే అడక్కండి.